అక్టోబర్ నుంచి కార్తీకం దాకా మన గోదావరోళ్ళం ఏం కట్టుకోవాలి? ఈ ఫాల్ ఫ్యాషన్ ఇక్కడ నడుస్తుందా?

గౌతమీ_గట్టు:
అందరికీ నమస్కారం అండి. మాది అమలాపురం దగ్గర, ఉద్యోగం రాజమండ్రిలో. సెప్టెంబర్ సగం దాటిందంటే చాలు ఫోన్ నిండా ఫాల్ ఫ్యాషన్ (అమెరికా వైపు ఆకులు రాలే కాలం బట్టలు) రీల్సే, ఇటిక రంగు స్వెట్టర్లు, మోకాళ్ళ దాకా కోటు, బూట్లు, చేతిలో కాఫీ కప్పు, వెనకాల ఎర్రటి ఆకులు. చూడ్డానికి భలే ఉంటాయి, ఆ రంగులంటే నాకు పిచ్చి కూడా. కానీ మనకి అదే టైములో ఏవుంటుంది చెప్పండి, పొద్దున్నే ఉక్క, మధ్యాహ్నం మాడు పగిలే ఎండ, సాయంత్రం వాన, మధ్యలో ఓ వాయుగుండం. మా ఆఫీసులో ఒకమ్మాయి కార్డురాయ్ (చారలు చారలుగా ఉండే మందపాటి బట్ట) జాకెట్ వేసుకొచ్చింది పోయినేడు, లంచ్ టైముకి తీసి కుర్చీకి తగిలించింది, ఇప్పటికీ ఆ కుర్చీకే ఉంది.

నాకు కావాల్సింది ఏంటంటే ఆ సీజన్ ఫీల్ ఉండాలి, కానీ అది మన ఊరి సీజన్ అయ్యుండాలి. రంగులు ఎక్కడ నుంచి తీసుకోవచ్చు, ఏ బట్ట ఆగుతుంది, మన దగ్గర బొమ్మలూ కళలూ ఇన్ని ఉన్నాయి కదా వాటిలోంచి ఏమన్నా పట్టుకోవచ్చా. ఆఫీసుకి, వనభోజనాలకి, అమ్మతో పంచారామాల ట్రిప్పుకి, అన్నిటికీ పనికొచ్చేలా చెప్పండి. బడ్జెట్ నాలుగైదు వేలు. "చీర కట్టుకో అమ్మా" అని ఒక్క ముక్కలో తేల్చెయ్యకండే ప్లీజ్.

మగ్గాల_వీధి:
చెల్లెమ్మా, అమలాపురం దగ్గర ఉండి ఈ ప్రశ్న అడుగుతున్నావంటే బండార్లంక వైపు రావట్లేదని అర్థమైపోయింది. మాది నేత కుటుంబమే, నాన్న ఇప్పటికీ మగ్గం మీదే ఉన్నారు, నేను షాపు చూసుకుంటాను.

ముందు రంగు సంగతి పక్కన పెట్టు, బట్ట సంగతి చూడు. మన దగ్గర అక్టోబర్ నవంబర్లలో చలి ఉండదు, తేమ ఉంటాది. అంచేత వెచ్చగా ఉందా అని చూడక్కర్లేదు, తడిస్తే ఎంతసేపట్లో ఆరుద్ది, ఆరేలోపు ఒంటికి అంటుకుంటాదా లేదా, అది చూడాలి. నూలు బట్టకి కౌంట్ అని ఉంటాది కదా, 80 కౌంటు, 100 కౌంటు, 120 కౌంటు, నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుద్ది బట్ట పల్చబడుద్ది. 120 కట్టుకుంటే గాలిలా ఉంటాది నిజమే గానీ వానలో తడిస్తే ఇబ్బంది, ఆఫీసుకీ ప్రయాణాలకీ 80 కౌంటు మంచిది, నిలబడుద్ది. సిల్కు మిక్స్ అని అమ్మేవాటిలో సగం పాలిస్టరే, ఉక్కలో అది వేసుకుంటే నీ ఇష్టం.

ఇంకో మాట, గంజి. ముసురు రోజుల్లో గంజి పెట్టిన నూలు తేమ పీల్చేసి మెత్తబడిపోద్ది, వాసన వస్తాది, బీరువాలో పెడితే పురుగు పడుద్ది. దీపావళి వెళ్ళి పొడిగాలి తిరిగాక అప్పుడు పెట్టు గంజి, కుచ్చిళ్ళు నిలబడతాయి. అప్పటిదాకా ఉతికి దులిపి నీడలో ఆరేసి కట్టెయ్యడమే.

కొనడం అయితే దసరా ముందే కొనేసుకో. ముసురు పట్టిందంటే మాకు పని సాగదు, పడుగు (మగ్గం మీద నిలువు దారం) తడి పీల్చి సాగిపోద్ది, గుంట మగ్గాలకి కాళ్ళు పెట్టే గుంటలోనే నీళ్ళు ఊరతాయి. 2025లో అక్టోబర్ ఆఖర్లో మొంథా తుఫాను వచ్చినప్పుడు మా వీధిలో నీళ్ళు తోడటమే పని. అప్పుడొచ్చి కొత్త డిజైన్ ఏదన్నా అంటే ఏం చూపించమంటారు.

కోటిలింగాల_రేవు:
రాజమండ్రిలో ఉద్యోగం అన్నారు, చిత్రకారుడు దామెర్ల రామారావు పేరు మీదున్న ఆర్ట్ గ్యాలరీకి ఎప్పుడన్నా వెళ్ళారా అండి? ఊళ్ళోనే ఉంది గానీ ఊళ్ళోవాళ్ళే వెళ్ళరు, బయటి ఊళ్ళ వాళ్ళొచ్చి అడుగుతుంటారు ఎక్కడుంది అని. ఆయన 1897లో రాజమండ్రిలోనే పుట్టారు, ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న కూల్డ్రే దొర ఆయన చెయ్యి గమనించి వెనకుండి నడిపించారు, బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చదివొచ్చారు, 1925లో మశూచి వచ్చి పోయారు, 27 ఏళ్ళే. ఆ కాసిన్ని ఏళ్ళలో వేసిన బొమ్మలు చూస్తే మతి పోతుంది.

మీ ప్రశ్నకీ దానికీ సంబంధం ఏంటంటే, "పుష్పాలంకరణ" బొమ్మ ముందు ఓ పది నిమిషాలు నిలబడండి. ముఖాలు తర్వాత చూడొచ్చు, ముందు బట్ట ఎలా జారిందో చూడండి, మడత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో. నీటిరంగులు పల్చగా ఒకదాని మీద ఒకటి పడి ఏ రంగూ కొట్టొచ్చినట్టు ఉండదు, కానీ మనిషి మాత్రం కనిపిస్తుంది. నాకైతే మన వంటి రంగుకి ఏది నప్పుతుందో ఏ రీలు కన్నా అక్కడే బాగా తెలిసింది. బాపు గారిది మళ్ళీ వేరే దారి, ఆయనా మన నరసాపురంలోనే పుట్టారు 1933లో, ఆయన దగ్గర రంగు కన్నా గీత ముఖ్యం, జడ పొడుగు, ఓణీ అంచు వాలు, అంతే. బాపు బొమ్మలా రెడీ అయ్యాం అని చెప్పి నెత్తి నుంచి కాళ్ళ దాకా నగలు దిగేసుకునే పెళ్ళి ఫోటోషూట్లు చూస్తే నాకు నవ్వొస్తుంది.

ఇక రంగులు. మనకి ఆకులు ఎర్రబడవు, ఒప్పుకుందాం. కానీ శరత్తులో గోదావరి దగ్గర మారినన్ని రంగులు వేసవిలో కూడా మారవు. వరదల్లో ఎర్రగా ఉన్న నీళ్ళు దసరా నాటికి తేరుకోవడం మొదలెట్టి కార్తీకానికి పచ్చగా అయిపోతాయి. లంకల్లో రెల్లు పూస్తుంది, మైళ్ళ పొడుగునా తెలుపు, అదీ పాల తెలుపు కాదు కొంచెం బూడిద కలిసిన తెలుపు. సార్వా (వానాకాలం) వరి చేలు నవంబరుకి పండుతాయి, ఆ పసుపులో ఇంకా అడుగున పచ్చ ఉంటుంది. పారిజాతాలు సరే, తెల్ల రేకుకి కనకాంబరం రంగు కాడ. ఒక ఆఫ్ వైట్ కుర్తాకి అంచు మాత్రం ఆ కాడ రంగు వేయించి చూడండి, చాలు. కడియం చామంతులు ఎలాగూ ఉన్నాయి. మీకు ఆ రీల్సులో తుప్పు రంగే కావాలనుకోండి, సాయంత్రం పుష్కరఘాట్ నుంచి హేవలాక్ బ్రిడ్జి కేసి చూడండి. 1900లో కట్టి 1997లో రైళ్ళు ఆపేశారు, ఇంకంతకన్నా అసలైన తుప్పు మీకు ఏ బ్రాండూ అమ్మలేదు.

ఆయ్_బాబాయ్:
ఆయ్, ఆడవాళ్ళకే చెప్తారా అండి, మాకు ఎవరన్నా చెప్పేది ఉందా? మా మగాళ్ళకి ఈ సీజన్‌లో ఫ్యాషన్ డిజైనర్ ఎవరో తెలుసా, గురుస్వామి. దసరాకి సగం ఊరు భవానీ మాలలో ఎరుపు, కార్తీకం వచ్చేసరికి మిగతా సగం అయ్యప్ప మాలలో నలుపు. మా వీధిలో దండేల మీద చూస్తే లుంగీలన్నీ ఒకటే రంగు, ఎవరిది ఎవరిదో తెలీక చిన్న చిన్న గొడవలు కూడానూ. 41 రోజులు రెండు పూటలా చన్నీళ్ళ స్నానం, ఉతకడం, ఎండెయ్యడం, ఆఖరికి ఆ నలుపు కాస్తా ముక్కుపొడి రంగుకి దిగిపోద్ది. అదేనండి మన ఫాల్ కలరు, పైసా ఎక్కువ పెట్టకుండా.

ద్వారపూడి వెళ్తే అయ్యప్ప గుడీ అక్కడే, బట్టల హోల్‌సేల్ మార్కెట్టూ అక్కడే, ఒక టిక్కెట్టుకి రెండు పనులు. నాలుగైదు వేలకి కుటుంబం మొత్తానికి వచ్చేస్తాయి, ఆ అమ్మాయి ఒక్కర్తికే ఖర్చు పెట్టేస్తానంటోంది.

పాలకొల్లు_పిన్ని:
బాబాయ్ గారి ఎటకారం అలా ఉంచండి అమ్మా. నేను చెప్పేది నరసాపురం లేసు గురించి. మనవాళ్ళు దాన్ని టీవీ మీద కప్పే గుడ్డ అనుకుంటారు, విదేశాలకి ఎగుమతి అవుతున్నదే ఎక్కువ, ఇక్కడ వేసుకునేవాళ్ళు తక్కువ. 19వ శతాబ్దంలో మిషనరీ దొరసానులు నేర్పిన పని, మా నరసాపురం పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు ఇంటిపని అయ్యాక అరుగు మీద కూర్చుని ఒక్క కొక్కెం సూది, ఒక దారపు ఉండతో అల్లేస్తారు. 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అని ప్రభుత్వం ఇచ్చేది) కూడా వచ్చింది. గుర్తింపు వచ్చింది గానీ అల్లే చేతికి వచ్చే కూలి మాత్రం ఇప్పటికీ చెప్పుకోదగ్గట్టు లేదు, మధ్యలో ఏజెంట్లు, అది వేరే కథ.

నీ ప్రశ్నకి జవాబు ఏంటంటే, మెంతి రంగో నేరేడుపండు రంగో ప్లెయిన్ నూలు కుర్తా కుట్టించి, మెడకి ఒక లేసు కాలరు వేయించుకో, లేదా చేతుల చివర రెండంగుళాల అంచు. పండగ లుక్కు వచ్చేస్తుంది, ఒంటి మీద బరువూ ఉండదు, గాలి ఆడుతుంది. తెలుపు లేసు కొత్తలో మరీ కొట్టొచ్చినట్టు ఉంటే పల్చటి టీ డికాక్షన్‌లో కాసేపు నానబెట్టు, చక్కటి గోధుమ రంగు పడుతుంది. కుట్టించే ముందు లేసునీ బట్టనీ విడివిడిగా ఒకసారి తడిపి ఆరబెట్టాలి, లేకపోతే మొదటి ఉతుకుకి లేసు ముడుచుకుని మెడ అంతా ముడతలు పడిపోతుంది, టైలర్లు ఈ మాట చెప్పరు. షాపుల్లో మీటర్ల లెక్కన చుట్టలు చుట్టి అమ్మేది మిషను లేసు, చేత్తో అల్లినది అయితే దగ్గర పెట్టుకుని చూస్తే పువ్వుకీ పువ్వుకీ చిన్న తేడా ఉంటుంది, వేలితో లాగితే అల్లిక కొంచెం సాగుతుంది. దాని దగ్గర మాత్రం బేరం ఆడకు తల్లీ.

పంచారామాలకి అంటావా, అర్ధరాత్రి బస్సెక్కడం, తెల్లారేలోపు స్నానాలు, మళ్ళీ బస్సు. తెలుపూ లేత రంగులూ వద్దు, తడిస్తే కష్టం. ముదురు రంగు నూలు చీర, లోపల నూలు లంగా. జారే చీరలు క్యూలో తొక్కుకుంటారు. భీమవరం సోమేశ్వరుడు పౌర్ణమికి తెల్లగా అమావాస్యకి నల్లగా కనిపిస్తాడంటారు, స్వామే రంగులు మారుస్తుంటే మనం మార్చుకుంటే తప్పేంటి చెప్పు.

ఆత్రేయపురం_టు_అట్లాంటా:
ఆ రీల్సులో ఉన్న ఊళ్ళోనే ఉంటున్నాను కాబట్టి ఒక మాట. ఇక్కడ కోటు వేసుకునేది స్టైల్ కోసం తర్వాత, ముందు బయట చలి లోపల హీటరు, అంచేత పొరలు పొరలుగా వేసుకుని లోపలికి రాగానే విప్పడం. ట్రెంచ్ కోటు అనేది అసలు మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో బురదలో ఉన్న బ్రిటిష్ ఆఫీసర్లకి వానకోటు. ఆ ఆకుల సీజన్ బట్టలు పారిస్, మిలాన్ షోల్లో చూపించేది ఫిబ్రవరి మార్చిల్లో, సెప్టెంబర్ షోల్లో అయితే వచ్చే వేసవివి చూపిస్తారు. అంటే వాళ్ళకే ఆ సీజన్ సరిగ్గా ఆ సీజన్‌లో రాదు, మీరెందుకు కంగారు పడతారు.

మీకు పొర కావాల్సింది ఒక్కచోటే, ఏసీ ఆఫీసులో. దానికి జాకెట్ ఎందుకండి, ఒక ఉప్పాడ జాందానీ దుపట్టా చాలు, బయటికొస్తే మడిచి బ్యాగులో పడేయొచ్చు. నేను ఇక్కడ ముక్కుపొడి రంగు కోటు మీద నెమలికంఠం జాందానీ వేసుకుంటాను, ఎక్కడ కొన్నావని ఇక్కడోళ్ళు ఆపి అడుగుతారు. కొనేటప్పుడు మాత్రం తిరగేసి చూడండి. జాందానీలో పువ్వు దారాన్ని పేకతో (అడ్డ దారంతో) పాటు చేత్తో పువ్వు ఉన్నంత మేరే తిప్పి వెనక్కి తెస్తారు, అందుకే రెండు వైపులా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. వెనకాల దారాలు వేలాడుతున్నా, కత్తిరించిన కొసలు గుచ్చుకుంటున్నా అది మిషనుది. ఉప్పాడకి 2009లోనే జీఐ వచ్చింది, ఆ పేరు మీద అమ్మే నకిలీలు కూడా అప్పట్నుంచే.

గౌతమీ_గట్టు:
అయ్ బాబోయ్ ఇంత చెప్తారనుకోలేదు, అందరికీ థాంక్యూ అండి. బాబాయ్ గారూ ముక్కుపొడి రంగు లుంగీ ఫోటో ఒకటి పెట్టండి, కలర్ మ్యాచ్‌కి పనికొస్తుంది.

నేను అనుకుంటున్నది ఏంటంటే, 80 కౌంటులో రెల్లు పువ్వు లాంటి ఆ మాసిన తెలుపు కుర్తా ఒకటి కనకాంబరం అంచుతో, నేరేడుపండు రంగు ఇంకోటి దానికి పిన్ని గారు చెప్పిన లేసు కాలరు. అమ్మకీ నాకూ ట్రిప్పుకి ముదురు రంగు చీరలు రెండు. జాందానీ దుపట్టా ఈ బడ్జెట్‌లో రాదేమో, దీపావళి బోనస్ వచ్చాక చూస్తాను. మగ్గాల వీధి అన్నయ్యా, మీ దగ్గర కుర్తాకి మీటర్ల లెక్కన ఇస్తారా, చీర తీసుకుని కోయించుకోవాలా?

మగ్గాల_వీధి:
మీటర్ల లెక్కన ప్లెయిన్ దొరుకుద్ది చెల్లెమ్మా, అంచు కావాలంటే మాత్రం చీర తీసుకోవడమే లాభం, ఐదున్నర మీటర్లు కాబట్టి రెండు కుర్తాలు వచ్చి పైన కాస్త ముక్క కూడా మిగులుద్ది, కొంగు వృథా చెయ్యనివ్వకు టైలర్ని, వీపు మీదకి వచ్చేలా కోయించు. ముదురు రంగువి మొదటి ఉతుకు విడిగా. ఆదివారం మధ్యాహ్నం దాకా తీసే ఉంటాను.

పాలకొల్లు_పిన్ని:
టైలరుకి ఈ వారమే ఇచ్చెయ్యి అమ్మా. దసరా దాటాక ఇస్తే పెళ్ళి బ్లౌజులు వచ్చి పడతాయి, నీ కుర్తా సంక్రాంతికి చేతిలో పెడతాడు.