మలుపులో ఎలుగుబంటి ఎదురైతే ఇంజన్ ఆపాలా, వద్దా?
అమ్రాబాద్ అడవిలో ఫరహాబాద్ సఫారీకి వచ్చే కొత్త గైడ్ల కోసం హైదరాబాద్‌లో కూర్చుని శిక్షణ పాఠం రాస్తున్నాం. అనుభవమున్నవాళ్లు ఒక్క ముక్క చెప్పండి.

పులి సంగతి తేలికే. అది దగ్గర్లో ఉందని హెచ్చరిస్తూ కొండముచ్చు దగ్గినా, దుప్పి కూసినా బండి ఆపి కదలకుండా కూర్చుంటే చాలు. చిక్కంతా ఎలుగుతోనే. దానికి ముక్కు చురుకు, చూపు మందం. ఎండాకాలం రాలిన ఇప్పపూలు ఏరుకుంటూనో, చెదపుట్టలో మూతి దూర్చి బుసబుసా పీలుస్తూనో ఉంటే బండి చప్పుడు కూడా పట్టదు. తీరా దగ్గరికెళ్లాక ఉలిక్కిపడి మీదికొస్తుంది. తల్లి వీపు మీద పిల్లలుంటే మరీను!

మలుపు తిరగగానే 20 మీటర్లలో కనబడితే, టాపు లేని జీపులో ఇంజన్ ఆపేయమనాలా, మెల్లగా రివర్స్ తీయమనాలా? వెనకాల ఇంకో బండి ఉంటే? గాలి మననుంచి అటు వీస్తుంటే ముందే పసిగట్టి తప్పుకుంటుందా?