దగ్గరితనం, చనువు, ఆత్మీయత... మీ లెక్కలో ఏది ఏమిటి?

నిద్రపట్టనివాడు:
"మన మధ్య దగ్గరితనం తగ్గిపోయింది" అంది మా ఆవిడ. ఒకే ఇంట్లో ఉంటున్నాం, గొడవల్లేవు, పనులు పంచుకుంటాం. ఇంకేం తగ్గిందో నాకు అంతుపట్టలేదు. సాన్నిహిత్యం, చనువు, ఆత్మీయత, అన్యోన్యత అని ఇన్ని మాటలున్నాయి కదా, ఏది తగ్గితే మనిషికి అలా అనిపిస్తుంది? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

వెన్నెలమెట్టు:
సన్నిహితం అంటే దగ్గరగా ఉన్నది, అంతే. ఆ లెక్కన మీ సాన్నిహిత్యానికి ఢోకా లేదు. నాకైతే ఆ మాట వాడాలంటేనే ఇబ్బంది. 'సన్నిహితంగా ఉన్న ఫొటోలు' అని వార్తల్లో రాసీ రాసీ దానికి వేరే రంగు పులిమారు. "ఆయనతో నాకు సాన్నిహిత్యం ఉంది" అని ఒక ఆడమనిషి మామూలుగా అనగలదా ఇప్పుడు? అందుకే నేను ఆత్మీయత అంటాను. అవతలి మనిషిని మన మనిషి అనుకోవడం.

గోడమీదపిల్లి:
చనువు జాతే వేరు. ఒకరిస్తే ఇంకొకరు తీసుకునేది. కొందరు ఇవ్వకుండానే తీసేసుకుంటారు. మా ఆఫీసులో ఒకాయన చేరిన కొత్తలోనే నా ఫోన్ తీసి ఫొటోలు చూస్తూ "మనలో మనకేంటండీ" అనేవాడు. నా పాత రూమ్మేట్ ఇప్పటికీ నన్ను "మీరు" అనే అంటాడు, భుజం మీద చెయ్యి కూడా వెయ్యడు. మా నాన్నగారు ఐసీయూలో ఉన్నప్పుడు రాత్రంతా బయట కుర్చీలో కూర్చున్నది మాత్రం అతనే. నేను తల ఎత్తినప్పుడల్లా "పడుకోండి, నేనున్నాగా" అనేవాడు. చనువు చుక్కైనా లేదు, ఆత్మీయత నిండా ఉంది.

పుస్తకాలపురుగు:
1986లో రాబర్ట్ స్టెర్న్‌బర్గ్ అనే సైకాలజిస్టు ప్రేమని మూడు పాళ్ళుగా చూశాడు: సాన్నిహిత్యం, మోహం, కలిసుండాలన్న నిబద్ధత. మూడోది ఒక్కటే మిగిలితే దాన్ని ఖాళీ ప్రేమ అన్నాడు. నిద్రపట్టనివాడు గారూ, ఏమనుకోకండి, 'గొడవల్లేవు, పనులు పంచుకుంటాం' అంటే నాకు అదే గుర్తొచ్చింది. 1997లో ఆర్థర్ ఆరన్ అనే ఇంకో సైకాలజిస్టు బృందం ఒక ప్రయోగం చేసింది. ముక్కూమొహం తెలియనివాళ్ళని జంటలుగా కూర్చోబెట్టి, పోనుపోను లోతుకి వెళ్ళే 36 ప్రశ్నలు ఒకరినొకరు అడుక్కోమంది. ముప్పావుగంట అయ్యేసరికి, ఊసుపోక కబుర్లు చెప్పుకున్న జంటలకన్నా వీళ్ళకి ఎక్కువ దగ్గరితనం అనిపించింది.

నిద్రపట్టనివాడు:
36 ప్రశ్నలా! మా ఆవిడ ఇంటర్వ్యూ పెట్టాననుకుంటుంది.

మధ్యాహ్నంకాఫీ:
ప్రశ్నల లిస్టు అక్కర్లేదు లెండి. చెప్పుకోవడం సగమే. విన్నవాళ్ళు ఎలా అందుకున్నారన్నది మిగతా సగం. హ్యారీ రైస్, ఫిలిప్ షేవర్ అనే సైకాలజిస్టులు 1988లో ఇదే వివరించారు: అర్థం చేసుకున్నారు, పట్టించుకున్నారు అని చెప్పినవాళ్ళకి అనిపించాలి. మా ఇంట్లో ఏం జరిగేదంటే, మీటింగులో నాకు జరిగిన అవమానం చెప్తుంటే, సగంలోనే "హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టెయ్" అని మావారు టీవీ వైపు తిరిగేవారు. సలహా సరైనదే! కానీ "అప్పుడు నువ్వేమన్నావ్?" అని అడిగితే చాలు నాకు. అడగకపోయేసరికి చెప్పడమే మానేశాను. బయటికి చూస్తే మాకూ గొడవల్లేవు.

గోడమీదపిల్లి:
శారీరకం సంగతి ఎవరూ ఎత్తరేం? అదీ ఇందులో భాగమేగా.

మధ్యాహ్నంకాఫీ:
భాగమే. మాటలు ఆగిపోయిన రోజుల్లో మా మధ్య అదీ మొక్కుబడి అయిపోయింది. మాటలు మళ్ళీ మొదలయ్యాక, వెళ్తూ వెళ్తూ తల మీద చెయ్యి వేసినా తెలిసేది.

పాతఉత్తరం:
అరమరికలు లేకుండా అన్నీ చెప్పేసుకోవాలంటే మాత్రం నేనొప్పుకోను. నాలో ఎవరికీ చూపించని మూల ఒకటుంది. మా ఆయనకి తెలుసు, తవ్వరు. ఆయన మౌనాన్ని నేనూ కెలకను. మా అన్యోన్యత అందులోనే ఉంది. ఆ పేరే 'ఒకరికొకరు' కదా, ఒక్కరే మోస్తే అది అన్యోన్యత కాదు.

నిద్రపట్టనివాడు:
ఏం తగ్గిందని నేరుగానే అడిగాను. మాటలతో చెప్పలేనంది. ఈ చర్చంతా చదవమని ఫోన్ ఇచ్చాను. హెచ్ఆర్ మెయిల్ దగ్గర ఆగి "ఈవిడ ఎవరో గానీ..." అని మొదలుపెట్టింది. ఇంకా చెప్తూనే ఉంది, తర్వాత రాస్తాను.