ఏడేళ్ల బాబును నలుగురం పట్టుకుని రక్తం తీశాం. అర్జెంటు కానప్పుడు కూడా ఇలా చేయాలా?

రాత్రి డ్యూటీ
పిల్లల వార్డులో నాలుగేళ్లుగా నర్సుగా పని చేస్తున్నాను. పోయిన వారం ఒక బాబు వచ్చాడు. ఏడేళ్లు, ఆటిజం, మాటలు లేవు. రిస్పెరిడోన్ (చిరాకు, దూకుడు తగ్గించే మందు) వాడుతున్నాడు కాబట్టి షుగరు, ప్రొలాక్టిన్ అనే హార్మోన్ చూడాలి. ఈరోజే చేసి తీరాల్సిన పరీక్ష కాదు. కానీ 11 గంటలకల్లా శాంపిల్ ల్యాబ్‌లో ఉండాలన్నారు. షుగరు పరీక్ష కోసం బాబు రాత్రి నుంచి ఏమీ తినలేదు కూడా.

ఒకరు కాళ్లు, ఒకరు భుజాలు, ఒకరు చేయి పట్టుకున్నారు. సూది నాది. రెండు నిమిషాల్లో అయిపోయింది. మొదట గింజుకున్నాడు, తర్వాత ఉన్నట్టుండి ఒళ్లు వదిలేశాడు. ఏడవలేదు. ట్యూబ్‌లైట్ వైపు చూస్తూ ఉండిపోయాడు. "చూడు, ఎంత బుద్ధిగా ఉన్నాడో" అన్నారు మా సీనియర్.

మర్నాడు బీపీ పట్టీ చూడగానే మంచం కింద దూరాడు. వాళ్లమ్మ వెళ్లి కింద పడుకుంటే గానీ బయటికి రాలేదు.

ప్రాణం మీదికొస్తే పట్టుకోవాల్సిందే, దాని గురించి నాకు పేచీ లేదు. అర్జెంటు కానప్పుడు పట్టుకోవడం తప్పని నా అభిప్రాయం. మీరేమంటారు?

పాత సిస్టర్
26 ఏళ్ల సర్వీసు నాది. నీ మనసు మంచిదే అమ్మాయీ, కానీ లెక్క తప్పుతున్నావు. బుజ్జగిస్తూ గంట కూర్చుని, చివరికి అదే పట్టుకోవడం అయితే, బిడ్డకు గంటసేపు భయం అదనం. గట్టిగా పట్టుకుని ఒక్క గుచ్చులో ముగిస్తే రెండు నిమిషాల్లో వదిలేస్తాం. సగం సగం పట్టుకుంటేనే ప్రమాదం. చేయి కదిలితే నరం చిట్లుతుంది, మళ్లీ ఇంకో చోట గుచ్చాలి.

పైగా అర్జెంటా కాదా అన్నది అంత తేలిగ్గా తేలదు. మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) అనుమానం ఉన్న బిడ్డ మగతగా ఉంటే, ఆటిజం కదా, అలాగే ఉంటాడులే అనుకుని ఆగితే ఏమవుతుందో నేను చూశాను. సూదికి ఏ పిల్లాడు భయపడడు చెప్పు?

పాప వాళ్లమ్మ
సిస్టర్ గారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను. అందరు పిల్లల్లాంటి భయం కాదండీ ఇది. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక సమస్యలను గుర్తించడానికి డాక్టర్లు వాడే అమెరికా పుస్తకం) స్పర్శకూ శబ్దానికీ వెలుగుకూ ఉండే అతి స్పందనను ఆటిజం లక్షణాల్లోనే చేర్చింది. మా పాపకు 11 ఏళ్లు. సూదిని ఎలాగో ఓర్చుకుంటుంది, దాని తర్వాత అంటించే ప్లాస్టర్‌ను ఓర్చుకోలేదు. ఈ సంగతి ఎవరూ అడగలేదు. "మీరు బయట ఉండండమ్మా" అన్నారు అంతే.

ఇంకో మాట. మూడు వారాలు తల గోడకేసి కొట్టుకుంది. కేస్ షీట్‌లో "ప్రవర్తన సమస్య" అని రాసి మందు డోసు పెంచారు. నొప్పి వస్తే మా పాప ఏడవదు, ముక్కుతో సన్నగా కూనిరాగం తీస్తుంది. ఆ మాట నేను ప్రతి షిఫ్ట్‌లో ఎవరో ఒకరికి చెప్పాను. చివరికి ఒక నర్సు పాప రాగం తీసినప్పుడల్లా టైము రాసుకుంది. పడుకున్నప్పుడే ఎక్కువ తీస్తోందని తేలింది. చెవిలో చీము. డాక్టరు టార్చ్ పెట్టి చూడటానికి మూడు వారాలు పట్టింది.

సైక్ వార్డు
అమ్మ గారు చెప్పినదానికి పుస్తకాల్లో పేరుంది, డయాగ్నాస్టిక్ ఓవర్‌షాడోయింగ్ అంటారు. 1982లో స్టీవెన్ రీస్, ఆయన తోటివాళ్లు పెట్టిన పేరు. ఒక జబ్బు పేరు తగిలించాక మిగతావన్నీ దాని ఖాతాలోకే పోతాయి.

నేను చెప్పాలనుకున్నది వేరే. నేను పిల్లల మానసిక చికిత్స విభాగంలో నర్సును. మా దగ్గర కోపంతో కొట్టబోతున్న పిల్లాణ్ని పట్టుకోవాలంటే దానికో తంతు ఉంది. ఎవరు ఆర్డరిచ్చారు, ఎన్ని నిమిషాలు పట్టుకున్నాం, ఊపిరి ఎలా ఉంది, ఎందుకు వదిలేశాం, అన్నీ రాయాలి. ఈ నిబంధనలు ఊరికే రాలేదు. 1998లో అమెరికాలో హార్ట్‌ఫర్డ్ కొరంట్ పత్రిక, అంతకుముందు పదేళ్లలో ఇలా కట్టేయడం, పట్టుకోవడం, గదిలో బంధించడం వల్ల జరిగిన 142 మరణాలను బయటపెట్టింది. ఆ తర్వాత అక్కడ కేంద్ర నిబంధనలు బిగించారు. హింసాత్మక ప్రవర్తనకు ఇచ్చే ఆర్డర్ ఒకసారికి పెద్దలకు 4 గంటలు, 9 నుంచి 17 ఏళ్ల వాళ్లకు 2 గంటలు, 9 ఏళ్లలోపు పిల్లలకు 1 గంట మించకూడదు.

అసలు తమాషా ఇక్కడుంది. మామూలు పరీక్ష కోసం చేత్తో పట్టుకోవడాన్ని అదే నిబంధన "నిర్బంధం" అనే నిర్వచనంలోంచి తీసేసింది. అంటే అదే పిల్లాణ్ని అవే నాలుగు జతల చేతులు పట్టుకున్నా, చేతిలో సూది ఉంటే రాయక్కర్లేదు. సూది లేకపోతే పేజీలకు పేజీలు రాయాలి. రాత్రి డ్యూటీ గారూ, ఆరోజు మీ కేస్ షీట్‌లో ఏం రాశారు?

రాత్రి డ్యూటీ
"శాంపిల్ సేకరించబడినది." అంతే.

పాత సిస్టర్
ఇద్దరు నర్సులు, ముప్పై మంది పిల్లలు. ఇందులో పట్టుకున్న ప్రతిసారీ రాస్తూ కూర్చుంటే మందులు ఎవరిస్తారు తమ్ముడూ? నియమం చెప్పడం తేలిక.

అలాగని ఎవరు పడితే వాళ్లు ఎలా పడితే అలా పట్టుకోవచ్చని నేననను. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో కొందరికి మెడ పైభాగాన మొదటి రెండు ఎముకల కీలు వదులుగా ఉంటుంది. తల వంచి నొక్కితే వెన్నుపాము మీద పడుతుంది. ఓ వార్డ్‌బాయ్ తల పట్టుకోబోతే చేయి తీసేయమని అరిచాను. బోర్లా పడుకోబెట్టి వీపు మీద బరువు వేయడం అయితే ఎవరికీ చేయకూడదు, ఊపిరాడదు. పట్టుకోవడం నేర్పాలి. మానేయమంటే మటుకు నేనొప్పుకోను.

మత్తు గది
"ఓ మత్తుమందు ఇచ్చేస్తే పోలా" అని ఎవరో అనేలోపు నేనే చెప్తాను. మిడజోలం ఇస్తే కొందరు పిల్లలు పడుకోకపోగా రెచ్చిపోతారు. ముక్కులో కొడితే మండుతుంది. డెక్స్‌మెడెటోమిడిన్ ముక్కులో మండదు, కానీ పనిచేయడానికి అరగంట, ముప్పావుగంట పడుతుంది. ఆ తర్వాత పల్స్ ఆక్సీమీటర్ పెట్టుకుని పక్కనే ఒక మనిషి కూర్చోవాలి. గాఢంగా మత్తివ్వాలంటే అంతకుముందు 6 గంటలు ఘనాహారం ఉండకూడదు, నీళ్లు 2 గంటల ముందే ఆపాలి. రోజూ ఒకే టైముకు ఒకే గిన్నెలో తినే పిల్లాడికి ఆ ఖాళీ కడుపే పెద్ద గొడవ.

మొద్దుబార్చే క్రీమ్ (లిడోకైన్, ప్రిలోకైన్ కలిసినది) మంచిదే. గంట ముందు రాసి మూసి ఉంచాలి. దానిమీద అతికించే పొర కొందరు పిల్లలకు సూది కంటే కష్టం, పైన అమ్మ గారు చెప్పారుగా.

నాకూ ఆటిజమే
ఒళ్లు వదిలేయడం గురించి ఎవరూ మాట్లాడట్లేదు. చిన్నప్పుడు నన్నూ అలాగే పట్టుకున్నారు. సూది గుర్తులేదు. గ్లౌజుల వాసన గుర్తుంది. నా మీద ఎన్ని చేతులున్నాయో లెక్కపెట్టాను, ఆరు. ఏడో చెయ్యి నోటి మీదకొచ్చింది, అప్పుడు ఆగిపోయాను. దాన్నే అందరూ మంచిపిల్ల అన్నారు. ఆ తర్వాత చాలా ఏళ్లు, నొప్పి వచ్చినా ఎవరికీ చెప్పేదాన్ని కాదు.

"ఏం కాదు, ఏం కాదు" అన్నారు. ఏదో అవుతూనే ఉంది కదా. పది అంకెలు లెక్కపెడతాం, అప్పటికి అయిపోతుంది అని ఉంటే నేను లెక్కపెట్టుకునేదాన్ని.

కొత్త బ్యాచ్
స్టూడెంట్‌ని, తప్పయితే క్షమించండి. ఏడవని పిల్లలకు నొప్పి స్కోర్ ఎలా వేయాలి? మాకు ఫ్లాక్ స్కేల్ నేర్పారు. ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఓదార్చితే ఊరుకోవడం. ట్యూబ్‌లైట్ చూస్తూ ఉండిపోయిన బాబుకు అందులో దాదాపు సున్నానే వస్తుంది.

సైక్ వార్డు
మంచి ప్రశ్న. దానికే సవరించిన రూపం ఉంది, ఆర్-ఫ్లాక్ అంటారు. ఆ ఐదు గళ్లలోనే, బిడ్డకు ప్రత్యేకమైన గుర్తులు అమ్మానాన్నలను అడిగి ముందే రాసుకోవాలి. పాప వాళ్లమ్మ చెప్పిన కూనిరాగం అందులోకి వస్తుంది. అడగడానికి ఐదు నిమిషాలు పడుతుంది, అడ్మిషన్ రోజునే అడగాలి.

రాత్రి డ్యూటీ
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ఆ బాబుకు ఇంకో పరీక్ష వచ్చింది, ఈసారి ఉపవాసం అక్కర్లేనిది. డాక్టర్ గారిని అడిగితే పది రోజులు ఆగొచ్చన్నారు. ఆ పది రోజులూ వాళ్లమ్మ ఇంట్లో పాత టూర్నికెట్‌తో (రక్తం తీసే ముందు చేతికి బిగించే పట్టీ) ఆడించారు. ముందు బొమ్మ చేతికి, తర్వాత తన చేతికి, ఆ తర్వాత బాబు చేతికి. వార్డుకొచ్చాక క్రీమ్ రాసి, అతుక్కునే పొర బదులు పల్చటి ప్లాస్టిక్ వేసి మెత్తటి గుడ్డ చుట్టాం. అమ్మ ఒళ్లో కూర్చోబెట్టాం. ఎవరూ పట్టుకోలేదు.

టూర్నికెట్ కట్టనిచ్చాడు. స్పిరిట్ దూది తగలగానే చేయి లాక్కున్నాడు. మళ్లీ చాపలేదు. వాళ్లమ్మ నావైపు చూశారు, నేను ఆపేశాను.

కేస్ షీట్‌లో ఇలా రాశాను: "10:40. టూర్నికెట్ కట్టనిచ్చాడు. స్పిరిట్ దూది దగ్గర చేయి లాక్కున్నాడు. ఆపడమైనది. శాంపిల్ తీయలేదు." మా సీనియర్ చదివి, "జరగని పనికి ఇంత రాతెందుకు?" అన్నారు. డాక్టర్ గారు చిరాకుపడ్డారు గానీ మళ్లీ వారం గడువిచ్చారు.

పాత సిస్టర్
స్పిరిట్ చల్లగా ఉంటుంది, వాడు దానికే జడుసుకుని ఉంటాడు. ఈసారి క్రీమ్ తుడవడానికి తడి దూది వాడి చేతికే ఇవ్వు, వాణ్నే తుడుచుకోనీ. స్పిరిట్ నువ్వు తర్వాత రాయొచ్చు, ఆరేదాకా ఆగు, లేకపోతే గుచ్చగానే మండుతుంది. నీ మాట నేనింకా ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. వారం తర్వాత ఏమైందో రాయి.