పాత యుద్ధ విమానం: ఊళ్లో నిలబెట్టాలా, విప్పి వాడుకోవాలా?

ఎడారి_బాటసారి (చాండ్లర్, అరిజోనా):
పోయిన నెల నాన్నగారిని తీసుకుని టూసాన్ వెళ్లాను. కోల్బ్ రోడ్డు మీద పోతుంటే కంచె వెనక వరసలు వరసలుగా విమానాలు. డేవిస్ మోంథన్ స్థావరంలో అమెరికా సైన్యం 1946 నుంచి పాత విమానాలు ఉంచే చోటు అది. 2,600 ఎకరాల్లో 4,000 దాకా ఉంటాయంటారు. నాన్నగారిది వైజాగ్. అవి చూసి ఒకటే మాట అన్నారు: "మన బీచ్ రోడ్డులో ఒక్క విమానాన్ని ఎంత ముచ్చటగా పెట్టుకున్నాం, వీళ్లు ఇన్నింటిని ఎండలో పడేశారేంట్రా?"

నాకైతే పడేసినట్టు అనిపించలేదు. అక్కడ ఏడాదికి సగటున 300 మి.మీ. వాన కూడా పడదు. నేల గట్టిది, చక్రాలు దిగబడవు. లోపల మరీ వేడెక్కకుండా అద్దాలకూ సందులకూ తెల్లపూత కొడతారు. కావలసిన భాగం విప్పి, ఎగిరే విమానానికి పంపుతారు. 2008లో అక్కడ పెట్టిన ఒక బి-52 బాంబర్‌ని 2015లో మళ్లీ ఎగరేశారు!

మన దగ్గర 2025 సెప్టెంబర్‌లో మిగ్-21లు రిటైరయ్యాయి. నేనున్న వాట్సాప్ గ్రూపుల్లో మా కాలేజీకొకటి, మా ఊరి సెంటర్‌కొకటి అనేవాళ్లే అందరూ. దేశం మొత్తానికి నాలుగైదు మంచి మ్యూజియాలు చాలు. మిగతావి విప్పి వాడుకోవాలి, పనికిరానివి కరిగించాలి. కాదనేవాళ్లు చెప్పండి.

బీచ్‌రోడ్డు_బాబాయ్:
ఆ ఎడారిలోకి మీరు అడుగుపెట్టారా? కంచె బయటి నుంచే కదా చూసింది!

మా బీచ్ రోడ్డు విమానం టీయూ-142 లోపలికి ఎవరైనా టికెట్టు కొనుక్కుని ఎక్కొచ్చు. నేవీలో 1988 నుంచి 2017 దాకా 29 ఏళ్లు పనిచేసింది ఈ రకం. అరక్కోణం నుంచి వైజాగ్ దాకా ఎగిరే వచ్చింది. ఇక్కడ ముక్కలుగా విప్పి, బీచ్ రోడ్డులో మళ్లీ బిగించారు. రోడ్డుకు అవతల కురుసుర జలాంతర్గామి, ఇవతల జలాంతర్గాముల్ని వేటాడే విమానం. అలా ఎదురెదురుగా పెట్టాలని ఎవరికి తట్టిందో గానీ వాళ్లకో దండం.

మా మనవరాలు ప్రొపెల్లర్లు లెక్కపెట్టి "ఇంజన్లు నాలుగే, ఇవి ఎనిమిదున్నాయేంటి తాతా?" అంది. ఒక్కో ఇంజనుకు రెండు, ఒకటి ఇటు తిరిగితే ఇంకోటి అటు తిరుగుతుందని చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. విప్పి వాడేసుకుంటే ఆ పిల్లకి ఈ ప్రశ్న ఎక్కడ పుడుతుంది?

పాత_టెక్నీషియన్:
బాబాయ్ గారూ, విమానాల రిపేర్లలో ఇరవై ఏళ్లు చేసినవాణ్ణి. మ్యూజియాలంటే నాకూ ఇష్టమే. కానీ సముద్రపు గాలి అల్యూమినియాన్ని ఎలా తినేస్తుందో తెలుసు కాబట్టి బీచ్‌లో విమానం కనబడితే ముందు రివెట్ల చుట్టూ చూస్తాను. పెయింటు ఉబ్బిందంటే కింద పని మొదలైనట్టే.

ఊరి పేరు చెప్పను, ఒక కాలేజీ గేటు ముందు పెట్టిన పాత యుద్ధ విమానం చూశాను. ఇంజను నోట్లో పావురాల గూళ్లు, కాక్‌పిట్ అద్దం పగిలింది, ముక్కుకి పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టారు. దానికంటే కరిగించడమే మర్యాద. ప్రారంభోత్సవానికి అందరూ వస్తారు, నాలుగేళ్ల తర్వాత పెయింటు డబ్బా కొనేవాడే ఉండడు. విమానాలను మోసే నేవీ ఓడ విక్రాంత్ సంగతి తెలిసిందే: 1997లో రిటైరైంది, ముంబైలో మ్యూజియం చేశారు, 2012లో భద్రత చాలదని మూశారు, 2014లో తుక్కుకి అమ్మేశారు.

గేర్‌మార్చు:
ఆ విక్రాంత్ ఇనుము కలిపిన బజాజ్ వీ15 మా బావ దగ్గరుంది. రోజూ తోలుతున్నాడు. అంతకంటే బతికున్న మ్యూజియం ఉంటుందా?

చరిత్ర_పిచ్చి:
బాటసారి గారూ, టూసాన్‌లోనే ఉన్న పీమా మ్యూజియంకి కూడా వెళ్లే ఉంటారుగా? అక్కడ బి-24 లిబరేటర్ బాంబర్ ఒకటుంది. చూశారా? అది మన ఎయిర్‌ఫోర్స్ విమానం.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక బ్రిటిష్ వాళ్లు కాన్పూర్‌లో లిబరేటర్లు వదిలేసి పోయారు, ఎవరూ ఎగరేయకుండా కావాలని పాడుచేసి మరీ. మన విమానాల కంపెనీ హెచ్ఏఎల్ వాళ్లు వాటిని బాగుచేసి నలభై దాకా లేపారు. మన ఎయిర్‌ఫోర్స్ 1968 దాకా వాడింది. మరుసటి ఏడాది, 1969లో, అందులో ఒకటి పుణె నుంచి ఎగిరి టూసాన్ చేరింది. అమెరికాలో వేలకు వేలు తయారైన విమానం, యుద్ధం కాగానే వాళ్లు కరిగించేసుకున్నారు. చివరికి మ్యూజియానికి మన దగ్గర్నుంచి తెచ్చుకోవాల్సొచ్చింది. మీ "నాలుగైదు చాలు" సూత్రం వాళ్లు ముందే పాటించి చూశారండీ.

ఇంకోటి. వాళ్ల పొదుపు కూడా మీరనుకున్నంత కాదు. 2006లో రిటైరైన ఎఫ్-14 యుద్ధ విమానాలను చాలావరకు నుజ్జు చేశారు, విడిభాగాలు అవే విమానాలు వాడుతున్న ఇరాన్ చేతికి పోకూడదని.

ఎడారి_బాటసారి:
లిబరేటర్ పక్కన నాన్నగారి ఫొటో కూడా తీశాను! బోర్డు మాత్రం చదవలేదు, ఎండ అలా ఉంది మరి. ఒప్పుకుంటున్నా, దెబ్బ తగిలింది.

అయినా ఒక్కటి చూడండి. ఆ లిబరేటర్లు బతికింది గేటు ముందు నిలబెట్టడం వల్ల కాదు, ఇరవై ఏళ్లు పనిచేయించడం వల్ల. తుక్కులోంచి భాగాలు ఏరి కాన్పూర్‌లో చేసిందీ నేను చెప్పే పనే కదా? సరే, "నాలుగైదు" అన్న అంకె వెనక్కి తీసుకుంటున్నా. రకానికి రెండు మూడైనా ఉంచాలి, అదీ కప్పు కింద. ఊరికొకటి మాత్రం వద్దు.

బీచ్‌రోడ్డు_బాబాయ్:
కప్పు కింద అంటే మాది పోయినట్టే! మీ నాన్నగారు వైజాగ్ వచ్చినప్పుడు చెప్పండి, సాయంత్రాలు నేను అక్కడే ఉంటాను. టెక్నీషియన్ గారూ, మీరూ రండి. తుప్పు ఎక్కడుందో చూపిస్తే ఒప్పుకుంటా.

పాత_టెక్నీషియన్:
తుప్పు ఇనుముకండీ. అల్యూమినియానికి తెల్లపొడి వస్తుంది. రెక్క మీద కాదు, కింద చూడాలి. టార్చి తెస్తాను.