డెర్రిస్ వేరు పొడి చెరువుకు వాడవచ్చా?

ఆకివీడు రైతు:
అందరికీ నమస్కారం. నాది ఎకరం చేపల చెరువు. నీళ్లు తోడించినా ఒక మూల మడుగు మిగిలింది. అందులో కొరమీను, వాలుగ, జెల్లలు ఉన్నాయి. బొచ్చె, శీలావతి పిల్లలు వదిలేలోపు, వాటిని తినేసే వీటిని వదిలించుకోవాలి. మందుల దుకాణంలో డెర్రిస్ వేరు పొడి చూపించి, ‘అడవి తీగ వేరు, రసాయనం కాదు, మనిషికి ఏమీ కాదు’ అంటున్నారు. నమ్మవచ్చా?

తాళ్లరేవు మాస్టారు:
రసాయనం కాకపోతే చేప ఎందుకు చస్తుందో ఆ దుకాణదారునే అడగండి! ఆ వేరులోని విషం రొటీనోన్. ఆగ్నేయాసియా వానాడవుల్లో ఈ వేరు దంచి, వాగులో కలిపి చేపలు పట్టడం తరతరాల విద్య. అమెజాన్ వైపు ఇదే విషమున్న మరో జాతి మొక్కలు వాడతారు. అంత దూరం ఎందుకు, మా కోరింగ మడ అడవిలో మడచెట్లను అల్లుకునే డెర్రిస్ తీగలోనూ ఉంది.

అది మొప్పల గుండా రక్తంలోకి చేరి, ఒంట్లోని కణాలు ప్రాణవాయువును వాడుకోకుండా అడ్డుకుంటుంది. నీటిలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా చేప తల తేలుస్తుంది, నోరు తెరుచుకుని గట్టు వెంట తిరుగుతుంది. నీటికి గాలి కలిపే ఏరేటర్ తిప్పినా లాభం లేదు. ఆ చేపలను అడవి జనం వండుకు తింటారన్నది నిజమే, కడుపు దాన్ని అంతగా పీల్చుకోదు. పొడి ముక్కులోకి పోవడం వేరే సంగతి. ఎలుకల రక్తంలోకి వారాల తరబడి ఎక్కిస్తే పార్కిన్సన్ (ఒళ్లు వణికే నరాల జబ్బు) వంటి లక్షణాలు వచ్చాయని 2000లో ఒక పరిశోధన చూపింది. చల్లే కూలీకి మాస్కు ఇవ్వకుండా ఆ సంచి విప్పవద్దు.

ఇంకొకటి, వెలుతురుకూ వేడికీ రొటీనోన్ విరిగిపోతుంది. ఏడాదిగా దుకాణంలో మూలుగుతున్న పొడికి మీరిచ్చే డబ్బు దండగ.

భీమవరం రొయ్యలు:
మాస్టారి మాటకు నాదీ ఓటు. మేము రొయ్యల చెరువుకు టీ గింజల చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) వేస్తాం. దానిలోని సాపోనిన్ అనే విషం చేపను చంపుతుంది, తగిన మోతాదులో రొయ్యను వదిలేస్తుంది. మీకైతే అదే విషమున్న ఇప్ప గింజల చెక్కే మేలు. మీటరు లోతుంటే ఎకరానికి సుమారు టన్ను పడుతుంది. రెండు మూడు వారాల్లో విషం తగ్గి ఎరువవుతుంది.

ఆకివీడు రైతు:
ధన్యవాదాలండీ. నాది మడుగే కాబట్టి అంత చెక్క అక్కర్లేదు. కొరమీను బురదలో దూరితే?

తాళ్లరేవు మాస్టారు:
దానికి ఏ మందూ సరిగా అందదు. మడుగు కూడా తోడించి, అడుగు నెర్రెలిచ్చే దాకా ఎండబెట్టండి. ఒకవేళ చెక్క వేస్తే, పిల్లలు వదిలే ముందు నాలుగు పిల్లలను హాపాలో (నీటిలో కట్టే వల సంచి) ఒక రోజు ఉంచి చూడండి.