పర్షియా వద్దన్నవాళ్లే పర్షియన్ గల్ఫ్ అని ఎందుకు పట్టుబడతారు?

రాజోలు డ్రైవరు:
మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరుగా చేసి సంక్రాంతికి వచ్చాను. అక్కడ తెల్లారగట్ల రొట్టెలు తేవడం నా పనే. వీధి చివరి తందూరులో చేసేవాళ్లంతా ఇరానీలు. పిండిని గుడ్డ దిండు మీద సాగదీసి, పొయ్యి గోడకి ఒక్క చరుపు చరుస్తారు. పొంగగానే ఇనప కొక్కేనికి తగిలించి బల్ల మీదకి విసిరేస్తారు. చెయ్యి కాలకుండా పట్టుకోవడం మన తంటా.

అందులో పెద్దాయనది షిరాజ్ వైపు. ఓసారి మాటల్లో 'అరేబియన్ గల్ఫ్' అన్నాను. కువైట్‌లో అందరూ అలాగే అంటారు కదా. ఆయన కొక్కెం పక్కన పెట్టేసి, 'ఖలీజె ఫార్స్' (అంటే పర్షియన్ గల్ఫ్) అని మూడుసార్లు అనిపించి గానీ రొట్టె ఇవ్వలేదు. వెనకాల లైనంతా ఒకటే నవ్వు.

మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. '1935లో పర్షియా పేరు వద్దని వాళ్లే ఇరాన్‌గా మార్చుకున్నారు నాన్నా' అంటున్నాడు. దేశానికి వద్దన్న పేరు సముద్రానికి ఎందుకు కావాలండీ? ఇంకో సంగతి. అదే కొట్లో కుర్రాడు ఒకడు ఇరాన్‌లోని ఖుజెస్తాన్ వాడు, ఇంటికి ఫోన్ చేస్తే అరబ్బీలోనే మాట్లాడతాడు. వాడూ ఇరానీనే అంటాడు. అసలు వీళ్లెవరు?

భీమవరం బుల్లోడు:
హిట్లర్ చెప్తే మార్చారంట గురూ. ఆర్యులు అని అర్థం వచ్చేలా. మా గ్రూపులో ఎవరో పెట్టారు.

లంగరు తాత (కాకినాడ):
బుల్లోడూ, ఆ సలహా బెర్లిన్‌లోని ఇరాన్ రాయబార కార్యాలయం నుంచి వచ్చిందనే కథ ఎప్పటినుంచో తిరుగుతోంది. వచ్చిందే అనుకో, పేరు మాత్రం జర్మనీలో పుట్టలేదు. క్రీ.శ. 224లో గద్దెనెక్కిన అర్దషీర్ అనే రాజు నఖ్షె రుస్తం దగ్గర కొండమీద చెక్కించుకున్న బిరుదే 'ఎరాన్ రాజాధిరాజు'. 1010 ప్రాంతంలో ఫిర్దౌసి పూర్తిచేసిన షానామా కావ్యం నిండా ఇరానే. 1906లో రాసుకున్న రాజ్యాంగంలోనూ అదే. అప్పటికి హిట్లర్ పదిహేడేళ్ల కుర్రాడు.

రాజోలు తమ్ముడూ, 1935లో జరిగింది చాలా చిన్న పని. మార్చి 21న నౌరోజ్, వాళ్ల ఉగాది. ఆ రోజునుంచి మాతో ఉత్తరాల్లో పర్షియా అని రాయకండి, ఇరాన్ అని రాయండి అని అప్పటి రాజు రెజా షా ప్రభుత్వం విదేశాలవాళ్లని అడిగింది. ఇంట్లోవాళ్ల పిలుపు మారలేదు, బయటివాళ్ల రాత మారింది. మా ఊరు మాకు ఎప్పుడూ కాకినాడే. ఇంగ్లీషువాడు కోకనాడ అని రాసుకున్నాడు. తర్వాత బోర్డులు మారాయి గానీ, టౌన్ స్టేషన్ కోడ్ ఇప్పటికీ కోకనాడ టౌన్ లెక్కన సీసీటీయే.

పర్షియా అన్నది గ్రీకులు. వాళ్ల పాతకాలపు రాజు సైరస్ వంశం పార్స్ అనే ప్రాంతంనుంచి వచ్చింది కాబట్టి దేశం మొత్తానికీ ఆ ప్రాంతం పేరే అంటగట్టారు. ఆ పార్సే ఇప్పటి ఫార్స్, మీ షిరాజ్ పెద్దాయన సొంత రాష్ట్రం. భాష ఫార్సీ, సముద్రం ఖలీజె ఫార్స్. ఆ మాట మీద వాళ్లకి కోపం ఎప్పుడూ లేదు, వేరే భాషలు మాట్లాడే తబ్రీజ్ వాణ్నీ బలూచ్ వాణ్నీ కూడా అదే పేరుతో పిలిస్తే కుదరదన్నారు, అంతే. అదీ అందరూ కాదు. పర్షియా అంటే కవులూ తివాచీలూ గుర్తొస్తాయి, ఆ పేరు పోగొట్టుకుంటే నష్టం మనకేనని అక్కడి పండితులే గొడవపెట్టారు. 1959లో రెండూ వాడుకోవచ్చని రెజా షా కొడుకు ప్రభుత్వం సర్దుకుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటన్ ప్రధాని చర్చిల్ అయితే ఇరాన్, ఇరాక్ కలగాపులగం అవుతున్నాయని తన ఆఫీసులో పర్షియా అనే రాయించాడు.

ఇక సముద్రం. 'అరేబియన్ గల్ఫ్' అనడం 1950లు, 60ల్లో అరబ్ జాతీయవాదంతో ఊపందుకుంది. ఐక్యరాజ్యసమితి పత్రాల్లో ఇప్పటికీ పర్షియన్ గల్ఫే. 2010లో టెహ్రాన్‌లో జరగాల్సిన ఇస్లామిక్ సాలిడారిటీ గేమ్స్ రద్దయ్యాయి, ఎందుకో తెలుసా? పతకాల మీద పర్షియన్ గల్ఫ్ అని ఉంటే అరబ్బులు ఒప్పుకోలేదు, తీసెయ్యడానికి వీళ్లు ఒప్పుకోలేదు. ఆ ఏడాదే, విమానాల్లో తెరమీద అరేబియన్ గల్ఫ్ అని చూపిస్తే మా గగనతలంలోకి రానివ్వబోమని ఇరాన్‌వాళ్లు ఎయిర్‌లైన్స్‌ని హెచ్చరించారు కూడా. నీకు రొట్టె ఆలస్యమైందంతే, అదృష్టవంతుడివి.

నేను ఓడలో ఇంజనీరుగా ఉండగా ఇరాన్ రేవు బందర్ అబ్బాస్‌లో మా ఏజెంటుది తబ్రీజ్. ఇంటివాళ్లతో మాట్లాడేది అజర్‌బైజానీ టర్కీ భాష. నౌరోజ్‌కి ఆఫీసు బల్ల మీద మొలకెత్తిన గోధుమ నారు, వెల్లుల్లి, వెనిగర్, యాపిల్, గాజు గిన్నెలో ఎర్రచేప పెట్టి, మమ్మల్ని కూర్చోబెట్టి ఫిర్దౌసి పద్యాలు చదివేవాడు. నువ్వు పర్షియన్‌వా అని మా సెకండ్ మేట్ అడిగితే కాదు, ఇరానీని అన్నాడు. మీ ఖుజెస్తాన్ కుర్రాడి లెక్కా అదే.

దస్తావేజులమ్మ (రాజమండ్రి):
తాతగారూ, బాగా చెప్పారు గానీ కొంచెం తియ్యగా చెప్పారు. ఇరాన్ అంటే అందరిదీ అన్న అదే రెజా షా బళ్లల్లో ఫార్సీ తప్ప వేరే భాష లేకుండా చేశాడు. మగవాళ్లు ఏ టోపీ పెట్టుకోవాలో కూడా చట్టం చేశాడు. కుర్దులూ బలూచీలూ ఆ బాధ ఇంకా చెప్పుకుంటారు. 1979 రాజ్యాంగం 15వ అధికరణం ప్రాంతీయ భాషల సాహిత్యం బడుల్లో చెప్పొచ్చంటుంది, అమలు అంతంతమాత్రం. పేరు అందరిదీ, పెత్తనం ఒక భాషది.

అన్నట్టు ఇది మనకి అంత దూరపు కథేం కాదండీ. గోల్కొండ రాజ్యం పెట్టిన సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్‌నుంచి వచ్చిన తుర్కమాన్. పుట్టుకకి టర్కీ భాష, కచేరీకి ఫార్సీ. ఆ వంశంలో ఇబ్రహీం కుతుబ్‌షాని మన కవులు మల్కిభరాముడన్నారు. ఆయన కాలంలోనే రాజమండ్రి గోల్కొండ కిందకి వచ్చింది. నేను రిజిస్ట్రారు ఆఫీసులో ముప్పొద్దులా రాసిన దస్తావేజు, దరఖాస్తు, గుమాస్తా అన్నీ ఆ కచేరీ సరుకే.

లంగరు తాత (కాకినాడ):
ఒప్పుకుంటానమ్మా. మా ఏజెంటుకీ ఆ కోపం ఉండేది, పిల్లలకి బళ్లో సొంత భాష లేదని. గల్ఫ్ మాటొస్తే మాత్రం అతనూ ఫార్స్ అనే అరిచేవాడు.

భీమవరం బుల్లోడు:
సరే హిట్లర్ వదిలేశా. మరి మన ఇరానీ చాయ్? పార్సీలూ ఇరానీలూ ఒకటేనా?

దస్తావేజులమ్మ (రాజమండ్రి):
బొంబాయిలో అయితే ఇద్దరిదీ చాలావరకు జరతుష్ట్ర మతమే. వెయ్యేళ్లకి ముందే గుజరాత్‌లో దిగినవాళ్లు పార్సీలు, అదే ఆ పార్స్ పేరు. 19వ శతాబ్దంలో, ఆ తర్వాత ఇరాన్‌లోని యజ్ద్, కెర్మాన్ వైపునుంచి వచ్చినవాళ్లు ఇరానీలు. హైదరాబాదులో చాయ్ కొట్లు పెట్టిన ఇరానీలు ఎక్కువగా ముస్లింలు. బొంబాయిలో పార్సీ అనుకుని ఇరానీని పలకరిస్తే వెంటనే సరిచేస్తాడట, మా మేనత్త కొడుకు అక్కడే ఉంటాడు.