4 జీబీ నోడ్లకి రూట్ ర్యామ్‌లోనా, ఎన్ఎఫ్ఎస్‌లోనా?

కొత్తక్లస్టర్: మా కాలేజీ ల్యాబ్‌లో 16 పాత నోడ్లు (క్లస్టర్‌లోని కంప్యూటర్లు), ఒక్కోదానికి 4 జీబీ ర్యామే, డిస్కుల్లేవు. పీఎక్స్ఈ బూట్ (నెట్‌వర్క్ నుంచి లేవడం), ఓఎస్ ఇమేజ్ మొత్తం ర్యామ్‌లోకే ఎక్కిస్తున్నాను. నిన్న కంపైలర్లు కూడా కలిపితే విప్పాక 2.3 జీబీ అయింది, ఇక ఒక్క నోడూ లేవలేదు. మానిటర్ తగిలించి చూస్తే "ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అన్‌ప్యాకింగ్ ఫెయిల్డ్: రైట్ ఎర్రర్", దాని కింద కెర్నల్ (ఓఎస్ మూలభాగం) ప్యానిక్. రూట్‌ని (ఓఎస్ ఫైళ్లుండే చోటు) ఎన్ఎఫ్ఎస్‌కి, అంటే ఫైళ్లు సర్వర్‌లోనే ఉంచి నెట్‌వర్క్ మీద చదువుకునేలా, మార్చెయ్యనా?

రాత్రిడ్యూటీ: వద్దు తమ్ముడూ. ర్యామ్‌లో ఉన్న నోడ్ ఒకసారి లేచిందంటే సర్వర్‌తో పనే ఉండదు. మా దగ్గర అర్ధరాత్రి స్విచ్ పోయి, ఎన్ఎఫ్ఎస్ నోడ్లన్నీ "సర్వర్ నాట్ రెస్పాండింగ్, స్టిల్ ట్రయింగ్" అంటూ బిగుసుకుపోయాయి, ఎస్ఎస్‌హెచ్ లాగిన్ కూడా పట్టలేదు. మాన్యువల్ పేజీలు, లోకేల్ ఫైళ్లు, అక్కర్లేని ఫర్మ్‌వేర్ పీకెయ్. అసలు కంప్యూట్ నోడ్ మీద కంపైలర్లెందుకు?

పేజ్‌క్యాష్: నేనొప్పుకోను అన్నా. 64 జీబీ నోడైతే మీ మాటే నా మాట, 4 జీబీ దగ్గర లెక్క వేరు. ఇమేజ్ విప్పుకునే టీఎంపీఎఫ్ఎస్ (ర్యామ్‌లోనే ఉండే ఫైల్‌సిస్టమ్) మామూలుగా ర్యామ్‌లో సగం వరకే పెరుగుతుంది, అందుకే 2.3 పట్టలేదు. పట్టినా, అందులో పడ్డ ఫైలు ఎవరూ వాడకపోయినా అక్కడే కూర్చుంటుంది, స్వాప్ (ర్యామ్‌లోది పంపడానికి డిస్క్ మీద చోటు) లేదు కాబట్టి కెర్నల్ దాన్ని ఎక్కడికీ పంపలేదు. ఎన్ఎఫ్ఎస్ నుంచి చదివింది అలా కాదు, క్యాష్‌లో ఉంటుంది, ఎంపీఐ జాబ్‌కి (నోడ్లు కలిసి చేసే లెక్క) చోటు చాలకపోతే కెర్నల్ దాన్ని వదిలేసి, మళ్లీ అవసరమైతే మళ్లీ తెచ్చుకుంటుంది. ఆ ర్యామ్ జాబ్ కోసం కొన్నది, మాన్యువల్ పేజీల కోసం కాదు. సర్వర్ పోతే అంటారా, హోమ్ డైరెక్టరీలు ఎలాగూ దాని మీదే కదా, జాబ్ ఫలితం ఎక్కడ రాస్తుంది? హార్డ్ మౌంట్ (సర్వర్ పలికేదాకా మళ్లీ మళ్లీ అడిగే పద్ధతి) పెడితే సర్వర్ లేచాక ఆగిన చోటి నుంచే సాగుతుంది.

రాత్రిడ్యూటీ: హోమ్ మాట నిజమే. అయినా నోడ్‌లోకి లాగిన్ కూడా కాలేకపోతే ఏం జరిగిందో చూసేదెలా? స్క్వాష్‌ఎఫ్ఎస్ (కుదించిన, చదవడానికి మాత్రమే ఉండే ఫైల్‌సిస్టమ్) చెయ్యి తమ్ముడూ, ఇమేజ్ కుదించినట్టే ర్యామ్‌లో ఉంటుంది, చదివిన ముక్కే విప్పుకుంటుంది, రాతలకి పైన ఓవర్‌లే అనే ఇంకో పొర.

పేజ్‌క్యాష్: ఇది బాగుంది, కాకపోతే ఆ పైపొర కూడా టీఎంపీఎఫ్ఎస్సే. లాగులు అందులో పేరుకుపోతే వారం తిరక్కుండా ఓఓఎం కిల్లర్ (ర్యామ్ అయిపోతే ప్రోగ్రాముల్ని ఆపేసే కెర్నల్ భాగం) వచ్చి జాబ్‌నే చంపుతుంది. లాగులు హెడ్ నోడ్‌కి (క్లస్టర్‌ని నడిపే కంప్యూటర్) పంపు, పైపొరకి సైజు హద్దు పెట్టు.

కొత్తక్లస్టర్: కంపైలర్లు తీసి స్క్వాష్‌ఎఫ్ఎస్ చేస్తే ఇమేజ్ 410 ఎంబీకి దిగింది. ముందు రెండు నోడ్ల మీద ఇది, ఇంకో రెండిటి మీద ఎన్ఎఫ్ఎస్ పెట్టి, రాత్రంతా ఒకే జాబ్ నడిపి చూస్తాను.